భోజనాల బల్ల దగ్గర ఫ్రెంచి

గిడుగు రామమూర్తి పంతులుగారి స్మృతికి అంకితమైన ఉపన్యాసంలో ఫ్రెంచి ఊసెందుకని ఎవరైనా అడిగితే, జవాబు పర్లాకిమిడిలో దొరుకుతుంది. అక్కడి రాజావారి బడిలోనూ, అది కాలేజీ అయ్యాక ఆ కాలేజీలోనూ పంతులుగారు పాఠాలు చెప్పారు. ఊరు చిన్నది, కాలేజీ ఇంకా చిన్నది. కొండల మీంచి దిగివచ్చే సవరల మాట ఆయన చెవిన పడింది. ఆ భాషకు అప్పటికి లిపి లేదు, చేతికందే వ్యాకరణం లేదు. సవర తెలిసినవాళ్లను ఇంటికి రప్పించుకుని, విన్నది విన్నట్టు రాసుకుని, రాసుకున్నది మళ్లీ వాళ్ల ముందే పలికి చూసుకుని నేర్చుకున్నారు. సవర భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథం 1931లో మద్రాసులో అచ్చయింది. కొండల్లో తిరగడం వల్ల పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైను ఆయన వినికిడిని తినేసింది. చెవితో భాష నేర్చుకున్న మనిషికి చెవే పోయింది.

తెలుగు విషయంలోనూ ఆయనకు మెలకువ తెచ్చింది ఒక పరాయివాడి ప్రశ్నే. జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి బడుల తనిఖీ పని మీద విశాఖపట్నం వైపు వచ్చి, తెలుగు నేర్చుకుంటూ, పుస్తకంలో ఉన్న తెలుగు వీధిలో ఎందుకు వినబడదని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగునూ గురజాడనూ ఎంత దూరం నడిపించిందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అదే ప్రశ్న ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో ఫ్రెంచి పంతుళ్లనూ వేధించింది. దానికి దారి కనిపెట్టినవాటిలో మహా విశ్వవిద్యాలయాల కంటే, ఊరి చివర కొండ పక్కన వందల మంది పిల్లలతో నడిచే చిన్న కాలేజీలే ముందు నిలిచాయి. ఈ ఉపన్యాసం వాటి గురించి.

మొదటి కథ ఒక జబ్బుతో మొదలవుతుంది. 1878లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్సులో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ అనే భాషల పంతులు ఒక చిన్న కాలేజీలో ఫ్రెంచి, జర్మను చెప్పేవాడు. సాయానికి నికొలా జోలీ అనే ఫ్రెంచి యువకుణ్ణి ఉత్తరం ద్వారా కుదుర్చుకున్నాడు. తీరా జోలీ వచ్చి దిగాక చూస్తే అతనికి ఇంగ్లీషు ముక్క రాదు. అదే సమయానికి బెర్లిట్జ్ మంచం పట్టాడు. గత్యంతరం లేక, వస్తువులు చూపించి పేర్లు చెప్పు, పనులు చేసి చూపించి క్రియలు చెప్పు అని జోలీని తరగతిలోకి తోశాడు. ఆరు వారాల తర్వాత లేచి వచ్చి చూస్తే పిల్లలు ఫ్రెంచిలో ప్రశ్నలు వేసుకుంటున్నారు, ఫ్రెంచిలోనే జవాబులు చెప్పుకుంటున్నారు. ఇది బెర్లిట్జ్ సంస్థ తన పుట్టుక గురించి తాను చెప్పుకునే కథ. ఏళ్లు గడిచిన కొద్దీ కాస్త నునుపు తేలి ఉంటుంది. అయినా అందులోని సారం నిజమైనదే. పంతులు ఇంగ్లీషులోకి పారిపోలేకపోయాడు, అందువల్ల పిల్లలూ పారిపోలేకపోయారు.

పారిపోయే దారులన్నీ మూసేసి భాష చెప్పడాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టిన చోటు వెర్మాంటు రాష్ట్రంలోని మిడిల్‌బరీ కాలేజీ. 1800లో పెట్టిన కాలేజీ అది. ఒకవైపు గ్రీన్ మౌంటెన్స్, రెండోవైపు దూరంగా ఆడిరాండాక్ కొండలు, మధ్యలో పాడి పశువుల పొలాలు. వాసర్ కాలేజీలో జర్మను చెప్పే లిలియన్ స్ట్రోబ 1915 వేసవిలో ఇక్కడ ఒక జర్మను బడి తెరిచింది. నగరం పిలుపు వినపడని చోటే ఆమెకు కావలసింది. మరుసటి ఏడు, 1916లో, ఫ్రెంచి బడి వచ్చింది. ఆ తర్వాత స్పానిషు. యుద్ధకాలపు ద్వేషంలో జర్మను బడి 1918లో మూతపడింది. మళ్లీ తెరుచుకోవడానికి 1931 దాకా పట్టింది. ఫ్రెంచి బడి మాత్రం వందేళ్లు దాటి నడుస్తూనే ఉంది.

అక్కడ చేరే ప్రతి విద్యార్థీ వేసవి మొదట్లో ఒక ప్రతిజ్ఞా పత్రం మీద సంతకం పెడతాడు. బడి ముగిసేదాకా తాను నేర్చుకునే భాషలోనే మాట్లాడతానని, వింటానని, చదువుతానని, రాస్తానని దాని అర్థం. తరగతిలో ఒక గంట ఫ్రెంచి మాట్లాడటం ఎవరైనా చేస్తారు. కష్టం తరగతి బయట మొదలవుతుంది. సబ్బు అయిపోయిందని గదిలో తోటివాడికి చెప్పాలి. కడుపు నొప్పి ఎక్కడుందో చెప్పాలి. ఆటలో ఓడిపోయి కోపం వస్తే, ఆ కోపం కూడా ఫ్రెంచిలోనే రావాలి. మొదటి వారం అందరూ అయిదేళ్ల పిల్లలైపోతారు. ఊళ్లో వకీలుగా, బడిపంతులుగా మాట చెల్లుబాటైన మనిషి ఇక్కడ ఉప్పు అడగడానికి తడుముకుంటాడు. ఆ చిన్నతనాన్ని సిగ్గుపడకుండా భరించగలిగినవాడికే భాష వస్తుంది. భరించడానికి పక్కనున్న అందరూ అదే స్థితిలో ఉండటమే సాయం.

ఈ చదువుకు అసలు తరగతి గది భోజనశాల. పంతుళ్లూ పిల్లలూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. రొట్టె చేతులు మారుతుంటుంది, దానితో మాటా చేతులు మారుతుంది. ఇది మిడిల్‌బరీ సొత్తు కాదు. అమెరికాలో ఎన్నో చిన్న కాలేజీల్లో వారానికొకసారి మధ్యాహ్నం ‘ఫ్రెంచి బల్ల’ అని ఒకటి ఉంటుంది. ఆ బల్ల దగ్గర కూర్చున్నంతసేపూ ఫ్రెంచి తప్ప మరోటి పలకకూడదు. నలభై వేల మంది చదివే విశ్వవిద్యాలయంలో ఆ బల్ల ఎక్కడుందో వెతుక్కోవాలి. రెండు వేల మంది ఉన్న చోట, ఆ బల్లను దాటకుండా పళ్లెం కడుక్కోవడానికి వెళ్లలేరు. చిన్న కాలేజీకి ఉన్న బలం ఇదొక్కటే. గ్రంథాలయం చిన్నది కావచ్చు, డబ్బు తక్కువ కావచ్చు, కానీ పొద్దున సబ్జంక్టివ్ చెప్పిన మనిషే మధ్యాహ్నం ఎదురుగా సూపు తాగుతూ కనిపిస్తాడు.

తెలుగు పిల్లలు ఈ బల్ల దగ్గర కూర్చుంటే కొన్నిచోట్ల అమెరికన్ పిల్లల కంటే ముందుంటారు. ఫ్రెంచిలో ‘త్యు’, ‘వూ’ అని రెండు రకాల సంబోధనలున్నాయి. ఇంగ్లీషు పిల్లవాడు ఎవరిని ఎప్పుడు ఏమనాలో నెలల తరబడి తికమకపడతాడు. మనకు నువ్వు, మీరు ఉగ్గుపాలతో వచ్చినవి. పైగా ఫ్రెంచివాళ్లకు ‘త్యుత్వాయే’ అని ప్రత్యేకంగా ఒక క్రియ ఉంది. ఎదుటివాణ్ణి ‘త్యు’ అని పిలవడం అని దాని అర్థం. ఇంగ్లీషులో దీన్ని చెప్పాలంటే ఒక వాక్యం కావాలి. తెలుగులో ‘ఏకవచనంలో మాట్లాడటం’ అంటే సరిపోతుంది. నన్ను ఏకవచనంలో పిలుస్తాడా అని ఊళ్లో జరిగే తగువు పారిస్‌లోనూ జరుగుతుంది.

సంధి సంగతి ఇంకా ముచ్చటైనది. ‘ల’ అనే ముందుమాటకు ‘అమీ’ అంటే స్నేహితుడు అనే మాట తగిలితే ‘లామీ’ అవుతుంది. ముందున్న అచ్చు లోపించింది. ఉత్వసంధి వల్లించిన పిల్లవాడికి ఇందులో కొత్తేముంది? ‘మాట్లాడుతున్నాడా?’ అని అడగాలంటే ‘పార్ల్’, ‘ఇల్’ అనే రెండు మాటల మధ్య ఎక్కడినుంచో ఒక ‘త’కారం వచ్చి కూర్చుని ‘పార్ల్‌తీల్’ అవుతుంది. రాతలో రెండు అచ్చులు ఎదురుపడకుండా వచ్చిన ఆగమమది. మా అమ్మ ‘మాయమ్మ’ అయినప్పుడు మధ్యలో దూరే యకారానికి అది దగ్గరి చుట్టం. అదే లింగభేదం దగ్గరికొచ్చేసరికి మన పిల్లలు బోర్లా పడతారు. ఫ్రెంచిలో బల్ల ఆడది, పుస్తకం మగది. మనకు ‘బల్ల వచ్చింది’, ‘ఆమె వచ్చింది’ రెండింటికీ ఒకే క్రియ. కాబట్టి బల్లలో ఆడతనం ఏమిటో, పుస్తకంలో మగతనం ఏమిటో ఎంత ఆలోచించినా తేలదు. ఆలోచించకూడదు కూడా. మాటను దాని ముందున్న ‘ల’తోనో ‘లా’తోనో కలిపి నోటికి పట్టించుకోవడం ఒక్కటే మార్గం.

సాహిత్యం తరగతిలో మరో చుట్టరికం కనిపిస్తుంది. ఫ్రెంచి బడుల్లో ‘ఎక్స్‌ప్లికాసియోఁ ద తెక్స్త్’ అని ఒక పద్ధతి ఉంది. ఒక పద్యాన్నో పేరానో తీసుకుని, ముందు ఎక్కడిదో చెప్పి, తర్వాత మాట మాటా విప్పి, నడక చూసి, చివరికి భావం చేరుకోవాలి. దానికి గట్టి పునాది వేసినవాళ్లలో గుస్తావ్ లాన్సోఁ పేరు మొదట చెబుతారు. మన ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు గుర్తొస్తాయి. తేడా ఒకటుంది. మన దగ్గర ఆ వ్యాఖ్యానాన్ని గైడులో చూసి అప్పజెప్పడం అలవాటైపోయింది. పది మంది ఉన్న తరగతిలో అప్పజెప్పడం కుదరదు. పంతులు మధ్యలో ఆపి, ఈ మాటే ఎందుకు, ఇంకో మాట ఎందుకు కాదు అని అడుగుతాడు.

కాలేజీ బల్ల దగ్గర మొదలైన ఫ్రెంచి ఎప్పటికో ఒకప్పటికి ఓడ ఎక్కాలి. దానికి దారి వేసినవాడు రేమండ్ కర్క్‌బ్రైడ్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో సైనికుడిగా ఉండి, తిరిగొచ్చి డెలవేర్ విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి చెప్పాడు. అప్పటికి అదీ చిన్న సంస్థే. మూడో ఏడు చదువంతా ఫ్రాన్సులోనే జరిగి, ఆ మార్కులు ఇక్కడ చెల్లాలని అతని పట్టు. అధ్యక్షుడు వాల్టర్ హల్లిహెన్ అండగా నిలబడి దాతలను వెతికాడు. 1923 జులై 7న ఎనిమిది మంది విద్యార్థులు కర్క్‌బ్రైడ్ వెంట ‘రోషాంబో’ అనే ఓడలో బయల్దేరారు. ముందు నాన్సీ పట్టణంలో భాష సాపు చేసుకుని, తర్వాత పారిస్ వెళ్లారు. ఎనిమిది మందే. ఇవాళ లక్షల మంది విదేశాల్లో ఒక సెమిస్టరు చదివి రావడానికి మొదటి బాట అది. 1925లో స్మిత్ కాలేజీ అమ్మాయిలు వెళ్లారు. రెండో యుద్ధం తర్వాత డెలవేర్ ఆ పని వదిలేస్తే, 1948లో వర్జీనియాలోని స్వీట్ బ్రయర్ అనే చిన్న మహిళా కాలేజీ దాన్ని తలకెత్తుకుంది. వాసర్‌లో చదివే జాక్వెలీన్ బూవియే 1949లో స్మిత్ కాలేజీ బృందంతో కలిసి ఫ్రాన్సు వెళ్లి, మొదట గ్రెనోబుల్లోనూ తర్వాత పారిస్‌లోనూ చదివింది. పన్నెండేళ్ల తర్వాత అధ్యక్షుడు కెనడీ భార్యగా అదే పారిస్‌కు వెళ్లినప్పుడు ఫ్రాన్సు అధ్యక్షుడు ద గోల్‌తో దుబాసీ లేకుండా మాట్లాడింది.

అయితే ఈ ఉపన్యాసానికి ఆమె కంటే దగ్గరి మనిషి ఏంజెలా డేవిస్. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో, నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ వేర్వేరు బడులున్న కాలంలో పుట్టిన పిల్ల. 1948లో మొదలైన బ్రాండైస్ అనే కొత్త కాలేజీలో చేరింది. ఆమె తీసుకున్న ప్రధాన విషయం ఫ్రెంచి సాహిత్యం. హామిల్టన్ కాలేజీ నడిపే బృందంతో 1963లో ఫ్రాన్సు వెళ్లింది. పారిస్‌కు ముందు బియారిట్జ్ అనే సముద్ర తీరపు ఊళ్లో ఉండగా, సెప్టెంబరులో ఒక రోజు పేపరు కొని చూస్తే, 15వ తేదీన బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారని ఉంది. ఆ కుటుంబాలు ఆమెకు తెలిసినవి. చుట్టూ ఉన్న తోటి విద్యార్థులు జాలిపడ్డారు గాని ఆ దుఃఖం లోతు వాళ్లకు అందలేదని ఆమె ఆత్మకథలో చెప్పుకుంది. అల్జీరియా యుద్ధం ముగిసి అప్పటికి ఏడాది దాటింది. పారిస్‌లో అల్జీరియన్లను చూసే చూపు ఆమెకు పరిచితమైన చూపే. ఫ్రెంచి ఆమెకు ఒక షోకు కాలేదు. తన ఊరిని దూరం నుంచి చూడటానికి ఒక మెట్టయింది. 1965లో ఫ్రెంచిలోనే పట్టా పుచ్చుకుంది.

పిల్లలు ఫ్రాన్సుకు వెళ్లడం ఒక ఎత్తు, ఫ్రాన్సే చిన్న కాలేజీకి నడిచి రావడం ఒక ఎత్తు. అది మసాచుసెట్స్‌లోని మౌంట్ హోల్యోక్‌లో జరిగింది. 1837లో మేరీ లయన్ స్థాపించిన మహిళా విద్యాలయం అది. సౌత్ హాడ్లీ అనే పల్లెటూళ్లాంటి చోట ఉంది. ఫ్రాన్సులో పోల్ దెజార్దాఁ అనే ఆయన బుర్గుండీలోని పోంతిన్యీ మఠంలో వేసవికాలంలో పదేసి రోజులు రచయితలనూ తత్త్వవేత్తలనూ పిలిచి గోష్ఠులు జరిపేవాడు. 1910లో మొదలై, మొదటి యుద్ధంలో ఆగి, 1922 నుంచి 1939 దాకా సాగాయి. 1940లో ఫ్రాన్సు కూలింది. దెజార్దాఁ అదే ఏడు కన్నుమూశాడు. ఆ గోష్ఠి అక్కడితో అయిపోవలసిందే.

మౌంట్ హోల్యోక్ ఫ్రెంచి శాఖకు అప్పుడు హెలెన్ పాచ్ అధ్యక్షురాలు. యూదుడైనందుకు, జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వం కొలువు తీసేసిన సోర్బోన్ పండితుడు గుస్తావ్ కొహెన్‌తో కలిసి, 1942 నుంచి 1944 దాకా మూడు వేసవులు ఆమె పోంతిన్యీని తన కాలేజీ పచ్చిక మీద నిలబెట్టింది. ద్రాన్సీ నిర్బంధ శిబిరం నుంచి బయటపడి వచ్చిన తత్త్వవేత్త ఝాఁ వాల్ అందులో ముఖ్యుడు. అతను ఆ కాలేజీలో పాఠాలూ చెప్పాడు. గణితవేత్త జాక్ హాదమార్ వచ్చాడు. చిత్రకారుడు షగాల్ వచ్చాడు. 1943లో అమెరికన్ కవులు వాలెస్ స్టీవెన్స్, మరియన్ మూర్ వచ్చి ప్రసంగించారు. చెట్ల నీడన కుర్చీలు వేసుకుని ఫ్రెంచిలో, ఇంగ్లీషులో వాదించుకున్నారు. దేశం పోగొట్టుకున్నవాళ్లకు మాట మిగిలింది. ఆ మాటకు చోటిచ్చింది ఒక చిన్న కాలేజీలోని ఫ్రెంచి శాఖ. ఒక దేశపు సంస్కృతి శత్రువుల కింద నలుగుతుంటే, సముద్రానికి ఇవతల ఒక భాషా పంతులమ్మ దాన్ని మూడు వేసవుల పాటు ఊపిరితో ఉంచిందంటే, ఫ్రెంచి చదువు ఎందుకని అడిగేవాళ్లకు ఇంతకన్నా ఏం చూపించాలి?

ఆ కాందిశీకుల్లో రాషెల్ బెస్పాలాఫ్‌ను వేరుగా తలుచుకోవాలి. ఆమె ఆ కాలేజీలోనే ఫ్రెంచి సాహిత్యం చెప్పింది. హోమరు ఇలియడ్ మీద ఆమె ఫ్రెంచిలో రాసిన చిన్న పుస్తకం 1943లో న్యూయార్కులో వచ్చింది. పరాజితుల పక్షాన నిలిచిన హెక్టర్ మీద ఆమె రాసింది చదివితే, ఆ రోజుల్లో ఆమె తరగతిలో కూర్చున్న అమ్మాయిలు ఎంత అదృష్టవంతులో అనిపిస్తుంది. యుద్ధం ముగిసినా ఆమెకు శాంతి దొరకలేదు. 1949లో సౌత్ హాడ్లీలోనే ప్రాణం తీసుకుంది.

ఇన్ని మంచి మాటల మధ్య ఈ కాలేజీల తప్పొకటి గట్టిగా చెప్పుకోవాలి, గిడుగువారి పేరు మీద జరిగే సభలో మరీను. 1840 నుంచి 1930 మధ్య కెనడా నుంచి సుమారు 9 లక్షల మంది ఫ్రెంచి వాళ్లు అమెరికాకు, ముఖ్యంగా వీటిలో కొన్ని కాలేజీలున్న న్యూ ఇంగ్లాండు ప్రాంతానికి, వలస వచ్చారు. లోవెల్ నూలు మిల్లుల్లో, వినూస్కీ ఉన్ని మిల్లుల్లో పనిచేశారు. లోవెల్‌లో పుట్టిన రచయిత జాక్ కెరవాక్‌కు ఇంట్లో ఉగ్గుపాల భాష ఫ్రెంచే. అంటే కాలేజీ గేటు దాటితే ఫ్రెంచి మాట్లాడే కూలీలూ, కొట్టువాళ్లూ, చర్చి ఫాదర్లూ ఉన్నారు. అయినా చాలాకాలం కాలేజీలు పారిస్ ఉచ్చారణే ఫ్రెంచి అన్నాయి, మిల్లు ఫ్రెంచిని చెడిపోయిన యాసగా చూశాయి. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడే పిల్ల తరగతిలో తన ఫ్రెంచికి తానే సిగ్గుపడింది. కొండ మీది సవర మాటనూ, వీధిలోని తెలుగునూ భాష అని వాదించిన మనిషి అక్కడ ఒక్కడుంటే ఎంత బాగుండేదో. ఇవాళ ఆ శాఖల పేర్లకు ‘ఫ్రాంకోఫోన్’ అన్న మాట చేరింది. మార్తినీక్ కవి ఎమే సెజేర్, సెనెగల్ కవి సంగోర్, గ్వాదలూప్ నవలాకారిణి మరీజ్ కోందే పాఠ్యాంశాలయ్యారు. ఆలస్యంగానైనా జరిగిన న్యాయమది.

ఇప్పుడు ఆ బల్లల చుట్టూ కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. అమెరికాలోని ఆధునిక భాషా సంఘం లెక్కల ప్రకారం, 2016 నుంచి 2021 మధ్య కాలేజీల్లో ఇంగ్లీషు కాని భాషలు చదివేవాళ్లు 16.6 శాతం తగ్గారు. ఫ్రెంచిలో తరుగు అయిదో వంతుకు మించింది. కాలేజీలే నిలవడం లేదు. వెర్మాంటులో గ్రీన్ మౌంటెన్ కాలేజీ 2019లో, మార్ల్‌బరో కాలేజీ 2020లో మూతపడ్డాయి. స్వీట్ బ్రయర్‌ను మూసేస్తున్నామని 2015 మార్చిలో ప్రకటించారు. పూర్వ విద్యార్థినులు ఊరుకోలేదు. చందాలు పోగుచేశారు, వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది, కొన్ని నెలలకే కాలేజీ నిలబడింది.

తెలుగునేలకు ఫ్రెంచి కొత్త కాదు. 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులతో వచ్చిన బుస్సీ దొరను బొబ్బిలి కథ మరవనివ్వలేదు. గోదావరి ఒడ్డున యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. ఇంగ్లీషు ఏలుబడిలో బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం వచ్చాక, అది చెల్లని యానానికి పిల్లల పెళ్లిళ్లు చేయడానికి బండ్లు కట్టుకుని వెళ్లారు. ఒక సంస్కృతితో పొరుగున బతికి, దాన్నుంచి మనం వాడుకున్నది ఆ చట్టపు సందు అని తలుచుకుంటే బాధేస్తుంది. హైదరాబాదులో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది, ఆలియాన్స్ ఫ్రాంసేజ్ ఉంది. అక్కడ శ్రద్ధగా నేర్చుకునేవాళ్లు ఉన్నారు. ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకునే పిల్లలూ ఉన్నారు. కానీ వాళ్లలో చాలామందిని అటు నడిపించేది మార్కుల లెక్క. సంస్కృతం ఎందుకు తీసుకుంటారో ఫ్రెంచీ అందుకే. రెండేళ్లు చదివి, మంచి మార్కులు తెచ్చుకుని, ఒక ఫ్రెంచి మనిషి ఎదురుపడితే దారి చెప్పలేని స్థితిలో బయటికొస్తారు. తప్పు పిల్లలది కాదు. ఆ భాషలో ఆకలి వేసిందని చెప్పవలసిన అవసరం ఒక్కసారైనా వాళ్లకు రానివ్వలేదు.

జిల్లా కేంద్రంలో ఒక డిగ్రీ కాలేజీని అనుకుందాం. ఫ్రెంచి తీసుకున్న పిల్లలు ఎనిమిది మంది. కర్క్‌బ్రైడ్ వెంట ఓడ ఎక్కినవాళ్లూ అంతమందే. బుధవారం మధ్యాహ్నం క్యాంటీనులో ఒక బల్ల వేరుగా పెట్టి, పంతులమ్మ తన క్యారేజీ విప్పి కూర్చుంటుంది. ఆ గంటా ఇంగ్లీషు లేదు, తెలుగు లేదు. ఒక పిల్ల డబ్బాలో ఆవకాయ ఉంది. అదేమిటని పంతులమ్మ ఫ్రెంచిలో అడుగుతుంది. ఆవకాయకు ఫ్రెంచిలో మాట లేదు. ‘మాంగ్’ అంటుంది పిల్ల, కత్తితో నరికినట్టు చేయి ఆడిస్తుంది. పచ్చిదని చెప్పాలి, ‘వేర్’ అంటుంది. నూనెకు ‘యుయీల్’ దొరుకుతుంది. ఆవపిండి దగ్గర ఆగిపోతుంది. పక్కనున్న కుర్రాడు ఫోను తీయబోతే పంతులమ్మ వద్దని చేయి అడ్డం పెట్టి, ‘మూతార్ద్’ అని అందిస్తుంది. దిజోన్ అనే ఊరు ఉందని, అక్కడివాళ్లు ఆవాలు నూరి ముద్ద చేసి మాంసంలో నంజుకుంటారని నెమ్మదిగా చెబుతుంది. అందరికీ సగమే అర్థమవుతుంది. అందులో ఎండుమిరపకాయలు వేస్తారా అని ఆ పిల్ల అడగాలనుకుంటుంది, మాట కోసం తడుముకుంటూ ఉంటుంది.